మిషన్ సరే, మాస్కు మాటేమిటి?

బెంగుళూరులో నాకు తెలిసిన కొన్ని తెలుగు ఇళ్లలో అటక ఎక్కి చూస్తే బొమ్మల కొలువు పెట్టె, పిల్లల పాత సైకిలు, పెళ్లిలో పెట్టిన ఇత్తడి బిందెలు, వాటి పక్కన నల్ల సంచీలో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ అప్నియా) ఉన్నవాళ్లు రాత్రి మాస్కుతో పెట్టుకునే ఒక సీపాప్ మిషనూ కనిపిస్తాయి. యాభై వేలో అరవై వేలో పోసి కొన్న సరుకు. "ఏమండీ, వాడట్లేదా?" అని అడిగితే ఎవరింట్లోనైనా జవాబు ఒకటే. "అలవాటు కాలేదండీ. ఊపిరాడలేదు."

ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. "అలవాటు కాలేదు" అనగానే తప్పంతా మనిషి నెత్తిన పడుతుంది. ఆయనకి ఓపిక లేదు, పట్టుదల లేదు, ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, కొన్నాళ్లకి ఆయనా అదే నమ్ముతాడు. నేననేదేమిటంటే, వీళ్లలో ఎక్కువమందికి పడనిది మాస్కు. మిషన్ అమ్మేవాడు మిషన్ గురించి అరగంట చెప్పి, మాస్కుని కవర్లో పెట్టి చేతికిస్తాడు. రాసిచ్చిన డాక్టరుగారు ప్రెషర్ ఎంతో రాస్తారు గానీ ఏ మాస్కో, ఏ సైజో రాయరు. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, రాత్రంతా మొహానికి అంటిపెట్టుకుని ఉండే ఆ వస్తువు గురించి ఎవరికీ పట్టదు.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి 10 సెకన్లు, అంతకు మించి ఆగితే అది ఒక అప్నియా. పూర్తిగా ఆగినవీ, సగంలో తగ్గినవీ కలిపి గంటకు సగటున ఎన్ని వచ్చాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 15 నుంచి 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రం. నాది తీవ్రం. ట్యూబు గుండా కొంచెం ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకుపోకుండా పట్టి ఉంచడమే సీపాప్ చేసే పని. అందులో మందు లేదు, ఆక్సిజనూ లేదు. మన గదిలో గాలే.

దీన్ని కనిపెట్టిన కాలిన్ సలివన్ సిడ్నీ డాక్టరు. 1980లో మొదటి రోగి మీద ప్రయత్నించి, మరుసటి ఏడు అయిదుగురు రోగుల ఫలితాలు లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. అంతకుముందు ఈ జబ్బు ముదిరినవాళ్లకి ఉన్న దారి గొంతుకి రంధ్రం పెట్టడమే. తొలినాళ్ల మిషన్లలో గాలి ఊదడానికి వాక్యూమ్ క్లీనర్ మోటారు సరిపోయింది. మాస్కుకే తంటాలు పడ్డారు. ఒక్కో రోగి ముక్కుకి అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్‌తో మాస్కు పోతపోసి, దాన్ని రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో మొహానికి అంటించేవారు, పొద్దున్నే పీకేవారు. గాలి ఊదడం మొదటి రోజే కుదిరింది. ఆ గాలిని ముక్కు దగ్గర నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది. నలభై అయిదేళ్లు గడిచినా కష్టం అక్కడే ఉంది. మనం కొనేటప్పుడు మాత్రం మోటారు గురించే అడుగుతాం: ప్రెషర్ తనే మార్చుకునే ఆటోనా, చప్పుడెంత, వారంటీ ఎన్నేళ్లు?

మాస్కు రాత్రంతా పెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక పెద్ద అధ్యయనం ఉంది. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, పేరు సేవ్. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చి, అప్నియా కూడా ఉన్న 2,717 మందిని తీసుకుని, సగం మందికి సీపాప్ ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. ఈ ఒక్క వాక్యం పట్టుకుని "సీపాప్ దండగ, అమెరికా పత్రికలోనే వేశారు" అన్న పెద్దమనిషిని మా అపార్ట్‌మెంటు లిఫ్టులోనే చూశాను. ఆయన చదవని అంకె 3.3. సీపాప్ ఇచ్చినవాళ్లు రాత్రికి సగటున వాడింది 3.3 గంటలే. ఏడు గంటల నిద్రలో సగం కూడా కాదు. పగలు బాగా కునికిపాట్లు పడేవాళ్లని, అంటే సీపాప్‌తో తేడా వెంటనే తెలిసేవాళ్లని, ఆ అధ్యయనంలోకి తీసుకోలేదన్నదీ గుర్తుంచుకోవాలి. ఎక్కువ గంటలు వాడితే గుండెపోట్లు తగ్గి ఉండేవని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ రాత్రి ఒంటిగంటకి మాస్కు ఊడబీకి పక్కన పడేసేవాళ్ల సగటు చూపించి మిషన్ పనికిరాదని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇక దుకాణం. జయనగర్ వైపు ఒక దుకాణానికి బాబాయిని తీసుకెళ్లాను. బాబాయిది గుంటూరు, పరీక్షల కోసం మా ఇంటికొచ్చి ఉన్నాడు. కౌంటర్లో ఉన్న కుర్రాడిది ముళబాగిలు, చక్కటి తెలుగు. మిషన్ గురించి అన్నీ చెప్పి, "మాస్కు ఫుల్ ఫేస్ తీసుకోండి సార్, నోరు తెరిచినా ఏం కాదు, సేఫు" అని ఒక పెట్టె తీశాడు. సైజు? "మీడియం సార్, అందరికీ మీడియమే సరిపోతుంది." బాబాయి మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు. కుర్రాణ్ని ఏమనను, వాడికి నేర్పింది అంతే.

ఫుల్ ఫేస్ అంటే ముక్కునీ నోటినీ కలిపి కప్పేది. దుకాణాలకి అదంటే ఎందుకింత ప్రేమో ఊహించడం కష్టం కాదు. ముక్కుతో పీలుస్తారా, నోటితోనా, జలుబు తరచుగా చేస్తుందా, పక్కకి తిరిగి పడుకుంటారా అన్న ప్రశ్నలేవీ అడగక్కర్లేదు. కానీ దాని ఇబ్బందులు దానికున్నాయి. మొహం మీద ఆనే అంచు పొడుగు, కాబట్టి గాలి తప్పించుకోవడానికి సందులూ ఎక్కువే. ఆ అంచు ముక్కు దూలం మీద, బుగ్గల మీద, పెదవి కింద ఒకేసారి సరిగ్గా కూర్చోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, పట్టీలు బిగించేకొద్దీ అది గడ్డాన్ని వెనక్కి నెడుతుంది. గడ్డం వెనక్కి పోతే నాలుకా వెనక్కి పోతుంది, ఏ దారిని తెరిచి ఉంచాలని గాలి ఊదుతున్నామో ఆ దారే ఇరుకవుతుంది. అందుకే చాలామందికి ఫుల్ ఫేస్‌తో ప్రెషర్ ఎక్కువ కావాల్సి వస్తుంది, ప్రెషర్ పెరిగితే లీకు పెరుగుతుంది, లీకు పెరిగిందని మళ్లీ పట్టీ బిగిస్తాం. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2019 మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: మామూలుగానైతే ముందు ముక్కు మాస్కుతోనో, ముక్కు రంధ్రాల దగ్గర ఆనే రకంతోనో మొదలుపెట్టమన్నారు.

"నేను నోటితో పీలుస్తానండీ" అంటారు చాలామంది. నిజమే, గురక పెట్టేవాళ్లలో చాలామంది నోరు తెరిచే పడుకుంటారు. కానీ నోరు ఎందుకు తెరుచుకుంటుందో ఎవరూ అడగరు. గాలి చాలక తెరుచుకునే నోరు, ముక్కు గుండా సరిపడా గాలి అందితే చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. అలా మూసుకోకపోతే ముక్కులోనే ఏదో అడ్డం ఉండొచ్చు, అప్పుడు వెళ్లాల్సింది ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి. ముక్కు లోపలి దూలం బాగా వంకరగా ఉన్నవాళ్లకి, ముక్కు ఎప్పుడూ దిబ్బడేసే ఉండేవాళ్లకి ఫుల్ ఫేసే గతి కావచ్చు. అది అన్నీ చూశాక తీసుకోవాల్సిన నిర్ణయం. కళ్లు మూసుకుని పెట్టె తీయడం కాదు.

బెంగుళూరులో ముక్కు గురించి వేరే చెప్పాలా! ఊళ్లోకి వచ్చిన ఒకటి రెండేళ్లలో తుమ్ములు మొదలవని తెలుగువాణ్ని నేనింతవరకు చూడలేదు. ఖాళీ సైట్ల నిండా వయ్యారిభామ, రోడ్డు పక్కన ఎప్పుడూ తవ్వే మట్టి, డిసెంబరు తెల్లవారుజామున పొడి చలి. ఈ ముక్కుతో సీపాప్ పెట్టుకుంటే మొదటి గంట బాగానే ఉంటుంది, తర్వాత రెండు రంధ్రాలూ బిగుసుకుంటాయి, మనిషి మాస్కుని తిట్టుకుంటాడు. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, అవసరమైతే డాక్టరు రాసిన స్ప్రే, మిషన్‌లో గాలికి తడి కలిపే హ్యుమిడిఫయర్ కొంచెం పెంచడం, ఈ మూడింటితో నా ముక్కు దారికొచ్చింది. చెన్నై వేళచ్చేరిలో ఉండే మా అక్కకి లెక్క వేరు. బయట ఉక్కపోత, లోపల ఏసీ 20లో. హ్యుమిడిఫయర్ తడిగాలి ఏసీ చలికి ట్యూబులోనే నీళ్లయి, అర్ధరాత్రి గుడగుడమంటూ ముక్కులోకి చిమ్మేది. ఏసీ 25కి పెంచి, హ్యుమిడిఫయర్ తగ్గించి, ట్యూబుకి గుడ్డ తొడుగు వేస్తే ఆగింది.

మాస్కు ఎలా పెట్టాలో నేను కళ్లారా చూసింది బాబాయికి పెట్టినప్పుడే. దుకాణంలో కాదు, నిద్ర పరీక్షలు చేసే ఒక ఆసుపత్రి స్లీప్ ల్యాబులో. అక్కడి టెక్నీషియన్ అనంతపురం అమ్మాయి. ముందు బాబాయిని మంచం మీద పడుకోబెట్టింది, ఇంట్లో వాడే దిండంత ఎత్తు దిండే పెట్టి. కూర్చుని చూసుకున్న మాస్కు పడుకున్నాక కుదరదట. పడుకోగానే బుగ్గల కండ కిందకి జారి మొహం ఆకారమే మారుతుంది. తర్వాత పట్టీలన్నీ వదులు చేసి, మిషన్ ఆన్ చేసి, ప్రెషర్ ఆయనకి రాసిన 11కి (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి లెక్కలో) తెచ్చింది. తక్కువ ప్రెషర్లో కుదిరిన మాస్కు రాత్రి రెండింటికి ప్రెషర్ పెరిగినప్పుడు కుదురుతుందని నమ్మకం లేదు.

అప్పుడు రెండు వేళ్లతో మాస్కుని మొహం నుంచి అంగుళం ముందుకి లాగి, గాలి బుస్సుమంటుండగా మెల్లగా వదిలింది. మొహానికి ఆనే మెత్తటి భాగం, అంటే కుషన్‌కి లోపల ఒక పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. లోపలి గాలికి ఆ పొర ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. ముందే బిగించేస్తే పొర నలిగిపోయి, ఉబ్బడానికి చోటుండదు. ఆమె అలా వదిలాక పై పట్టీలు రెండూ ఒకేసారి, ఇటొక పిసరు అటొక పిసరు లాగింది. తర్వాత కింద పట్టీలు. బుస్సు ఆగిన చోట చెయ్యి తీసేసింది.

"అమ్మాయ్, మరీ వదులుగా ఉంది, రాత్రి ఊడిపోతుందేమో" అన్నాడు బాబాయి.

"ఊడదు అంకుల్. పట్టీ ఊరికే ఆనితే చాలు, పట్టుకునేది గాలి. ఇప్పుడు ఎడమకి తిరగండి. ఆ, ఇప్పుడు కుడికి. నోరు కదపండి."

కుడికి తిరిగినప్పుడు దిండు తగిలి మాస్కు పక్కకి జరిగింది. కంటి మూలకి గాలి కొట్టింది. ఆమె ఆ మాస్కు తీసేసి ఇంకోటి తెచ్చింది, ముక్కు కింద మాత్రమే ఆనే రకం. ట్యూబు నడినెత్తి దగ్గర తగులుకుంటుంది, ఎటు దొర్లినా అడ్డం రాదు. ముక్కు దూలం మీద ఏమీ ఉండదు కాబట్టి కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుకోవచ్చు కూడా. బాబాయికి మొదట నచ్చింది అదే. "దీంతో టీవీ కనిపిస్తుందిరా" అన్నాడు. సైజు చూడటానికి ఆమె అంచనా కట్టలేదు, పెట్టెలో వచ్చే అట్ట కొలత ముక్కు వెడల్పుకి పెట్టి చూసింది. మీడియం కాదు, వైడ్. మన ముక్కుల్లో చాలా వాటికి అదే సరిపోతుందని నవ్వింది. అంతా కలిపి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట దుకాణాలు ఇవ్వడం లేదన్నదే నా గొడవంతా.

పొద్దున లేచాక మొహం మీద ఎర్రటి గీత పడి అరగంటైనా పోకపోతే పట్టీ ఎక్కువ బిగించినట్టు. ముక్కు దూలం మీద పుండు పడితే ఓర్చుకోవద్దు, మాస్కు రకమే మార్చాలి. "ఊపిరాడటం లేదు" అనేవాళ్లలో కొందరికి నిజంగానే గాలి చాలదు. మిషన్లు మొదట్లో 4 ప్రెషర్ దగ్గర మొదలై మెల్లగా పెరిగేలా పెడతారు, పెద్దవాళ్లు కొందరికి ఆ 4లో దమ్ము అందదు. డాక్టరుతో చెప్పి మొదలయ్యే ప్రెషర్ 6కో 7కో పెంచితే ఆ ఉక్కిరిబిక్కిరి చాలావరకు పోతుంది. ఇది తెలియక మూసుకుపోయినట్టుందని మాస్కు తీసేసినవాళ్లు నాకు తెలిసే ఉన్నారు.

లీకు గురించి ఒక హెచ్చరిక. మాస్కు ముందు భాగంలో సన్నటి చిల్లులుంటాయి. వాటిలోంచి ఎప్పుడూ గాలి పోతూనే ఉంటుంది, 10 ప్రెషర్ దగ్గర నిమిషానికి 30 లీటర్లకి పైమాటే. అది లోపం కాదు, మనం వదిలిన బొగ్గుపులుసు గాలి బయటికి పోయే దారి. మా బంధువొకాయన ఆ చిల్లుల మీద ప్లాస్టరు అంటించి "లీకు ఆపేశాను" అని గర్వంగా చూపించాడు. అదృష్టం కొద్దీ ఆ పూట పగలు. అసలు లీకంటే మాస్కు అంచుల్లోంచి పోయేది. రెస్‌మెడ్ మిషన్లయితే పొద్దున్నే తెర మీద మాస్కు సీల్ బావుందో లేదో చూపిస్తాయి, అవి గీసుకున్న హద్దు నిమిషానికి 24 లీటర్లు. ఇంకా లోతుగా చూడాలనుకునే మన సాఫ్ట్‌వేర్ జనం మెమరీ కార్డు తీసి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చు. ఏ గంటకి లీకు మొదలైందో గీత గీసి చూపిస్తుంది. తెల్లవారుజాము నాలుగింటికి మొదలైతే పక్కకి దొర్లారేమో చూడండి, పడుకున్న వెంటనే ఉంటే సైజు చూడండి.

ఇప్పుడు పెట్టె మీద రాయని విషయాలకొస్తాను. మాస్కుతో వచ్చే పుస్తకంలో గడ్డం గీసుకున్న మొహమే ఉంటుంది. మా బావమరిది ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. 41 రోజులు గడ్డం గీయడు, నేల మీద పడక. గడ్డం పెరిగేకొద్దీ వెంట్రుకల సందుల్లోంచి గాలి పోయి ఫుల్ ఫేస్ మాస్కు రాత్రంతా ఈల వేసేది. మాల వేసిన రోజుల వరకు ముక్కు రంధ్రాల్లో ఆనే పిల్లో మాస్కుకి మారితే సరిపోయింది, దానికి గడ్డంతో పనిలేదు. రెండో గండం నేల పడక. మిషన్ బల్ల మీద, మనిషి చాప మీద. హ్యుమిడిఫయర్ తడి ట్యూబులో చేరి పల్లం వెతుక్కుంటూ నేరుగా ముక్కులోకి దిగింది. "స్వామీ, మిషన్ కూడా కిందకి దించండి స్వామీ" అని మా ఆవిడ చెప్తే గానీ తట్టలేదు వాడికి. మిషన్ ఎప్పుడూ పడక మట్టంలోనో, ఇంకా కిందో ఉండాలి.

బాబాయి తిరుమలలో గుండు చేయించుకుని వచ్చిన రాత్రి మాస్కు నిలవలేదు. జుట్టు ఉన్నప్పుడు సరిపోయిన పట్టీ గుండు మీద జారి చెవుల మీదకొచ్చింది. పల్చటి నూలు టోపీ పెట్టి, పట్టీ ఒక పిసరు లాగితే కుదిరింది. జుట్టు మొలిచాక మళ్లీ వదులు చెయ్యాలి, ఆ సంగతి మర్చిపోతే ఎర్ర గీతలు. తలకి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్ల పట్టీలు తొందరగా సాగిపోతాయి. మొహానికి క్రీము రాసుకుంటే సిలికాన్ జారుతుంది, కాబట్టి పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కోవడం మాస్కు పెట్టుకోవడంలో భాగమే.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. గురక మగవాళ్ల జబ్బని మనకో నమ్మకం. ముట్లు ఆగిన వయసు తర్వాత ఆడవాళ్లలోనూ అప్నియా బాగా పెరుగుతుంది. కానీ వాళ్లు "నీరసం, నిద్ర పట్టదు, తలనొప్పి" అంటారు, మనం రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు ఇస్తాం. మా అత్తయ్యగారికి బయటపడేసరికి ఆలస్యమైంది. సరే మాస్కు దగ్గరకొచ్చాం. దుకాణంలో పిల్లో మాస్కు ఇస్తూ "ముక్కుపుడక తీసేయాలమ్మా" అన్నారు.

"పెళ్లికి ముందు పెట్టుకున్నది, ఇప్పుడు తీస్తానా బాబూ? ఊపిరి ఆగితే ఆగనీ" అన్నారు ఆవిడ నాతో.

తీయక్కర్లేదు. పిల్లో రకం రంధ్రం లోపలి అంచుకి ఆనుతుంది, ముక్కుపుడక మర లోపల గుచ్చుకుని సిలికాన్‌ని కోసేస్తుంది, చర్మాన్నీ గీరుతుంది. అదే ముక్కు మొత్తాన్ని పైనుంచి కప్పే మాస్కు అయితే అంచు బుగ్గల మీద ఆనుతుంది, ముక్కుపుడక లోపల ఖాళీలో హాయిగా ఉంటుంది. ఈ దేశంలో మాస్కులు అమ్మేవాళ్లకి మొట్టమొదట తెలియాల్సిన విషయం ఇది. ఆ దుకాణంవాళ్లు మూడు రకాలూ బల్ల మీద పెట్టుకుని, ముక్కుపుడక వంక చూసి కూడా, ఇంకో రకం చూద్దామా అని అడగలేదు.

అయస్కాంతం క్లిప్పుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చాలా మాస్కుల్లో పట్టీలు సులువుగా తగులుకోవడానికి చిన్న అయస్కాంతాలుంటాయి. వణికే చేతులకి వరం. కానీ పేస్‌మేకర్ లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లకి అవి దగ్గరగా రాకూడదు. 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ దీని మీద హెచ్చరికలు ఇచ్చాయి, కనీసం 6 అంగుళాల దూరం ఉండాలని. మాస్కు పెట్టుకునేది మీరే అయినా, పక్కన పడుకునే మనిషికి పేస్‌మేకర్ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. అయస్కాంతం లేని రకాలూ ఉన్నాయి, అడిగి తీసుకోండి.

నా వాదనకి ఎదురు మాట కూడా ఉంది. ఎంత మంచి మాస్కు పెట్టినా కొందరు భరించలేరు. నిజం. మొహం మీద గుడ్డ పడితేనే గుండె దడ వచ్చేవాళ్లున్నారు. అప్నియా మరీ తీవ్రంగా లేనివాళ్లకి కింది దవడని ముందుకి పట్టి ఉంచే దంతాల పరికరం ఉంది. బరువు బాగా ఎక్కువున్నవాళ్లకి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అప్నియాకి కూడా వాడొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది. అది బరువు తగ్గించడం ద్వారా పనిచేస్తుంది, అంటే నెలలు పడుతుంది, ఈ రాత్రి ఊపిరి ఆగకుండా మాత్రం చూడదు. ఇవన్నీ ఆలోచించొచ్చు, డాక్టరుతో మాట్లాడొచ్చు. కానీ ఒకే ఒక్క మాస్కు, అదీ సైజు చూడకుండా కొన్నది, వారం వాడి "నాకు సీపాప్ పడదు" అనేవాళ్లని ఈ లెక్కలో కలపకూడదు.

డబ్బు మాట. మన ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటిలో సీపాప్ మిషన్‌కీ మాస్కుకీ పైసా రాదు. కాబట్టి ఒకసారి కొన్న మాస్కుని ఏళ్ల తరబడి లాగుతాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ముక్కు మాస్కు కుషన్లు నెలకి రెండు, ఫుల్ ఫేస్ కుషన్ నెలకి ఒకటి దాకా ఇస్తారు. అంత తరచుగా మార్చక్కర్లేదు గానీ, సిలికాన్ పసుపు రంగుకి తిరిగి, గట్టిపడి, తాకితే జిడ్డుగా ఉంటే అది పని చేయదు, ఎంత బిగించినా. రోజూ పొద్దున్నే కుషన్‌ని గోరువెచ్చని నీళ్లలో పిల్లల సబ్బుతో కడిగి నీడలో ఆరబెడితే ఎక్కువకాలం వస్తుంది. కుషన్ విడిగా కావాలంటే "మొత్తం మాస్కే కొనాలి సార్" అనే దుకాణాలున్నాయి. నమ్మకండి. ఇప్పటి మాస్కుల్లో చాలావాటికి కుషన్ విడిగా దొరుకుతుంది, వేరే చోట అడగండి.

అమెరికాలో చాలాచోట్ల మాస్కు కుదరకపోతే 30 రోజుల్లోపు మార్చుకోవచ్చు. ఇక్కడ అడిగితే "మొహానికి పెట్టుకున్నది వెనక్కి తీసుకోం సార్, శుభ్రత" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే స్లీప్ ల్యాబులో ఒక రోగి వాడిన మాస్కుని క్రిమిరహితం చేసి ఇంకొకరికి పెడుతూనే ఉన్నారు కదా! అలాంటి నమూనా మాస్కులు మూడు రకాలు, మూడేసి సైజుల్లో, ఒక మంచం, ఒక మిషన్. ఇంతే కావాలి. జయనగర్ అద్దెలు చూస్తే మంచం పెట్టే చోటు ఖరీదైనదే, ఒప్పుకుంటాను. కానీ అరవై వేల సరుకు అమ్మే చోట ఆరడుగుల బల్లకి చోటు లేదంటే నమ్మను.

అది వచ్చేదాకా నేను అడిగినవాళ్లకి చెప్పే దారి ఒకటుంది, మామూలుగా అందరూ చేసేదానికి తలకిందులు. బెంగుళూరులో సీపాప్ మిషన్లు నెలవారీ అద్దెకి దొరుకుతాయి. మిషన్ అద్దెకి తీసుకోండి, మాస్కు మాత్రం సొంతంగా, ల్యాబులో పడుకుని, మీ ప్రెషర్లో పెట్టి చూసుకుని కొనండి. ఒక రకం కుదరకపోతే రెండోది కొన్నా, ఒక నెల అద్దె కలిపినా, అటకెక్కే మిషన్ కన్నా చవకే. మొదటి వారం రెండు వారాలు మధ్యాహ్నం కూడా ఓ అరగంట పెట్టుకుని టీవీ చూడండి. రాత్రి అయిదారు గంటలు ఆగకుండా నడుస్తుంటే అప్పుడు మిషన్ కొనండి, అదే అద్దె మిషన్ రకం అయితే ఇంకా మంచిది. బిల్లు మీద మాస్కు పేరు, కుషన్ సైజు రాయించుకోవడం మర్చిపోవద్దు. ఆరు నెలల తర్వాత కుషన్ కోసం వెళ్తే మొదట అడిగేది అదే, "మీడియం అనుకుంటానండీ" అంటే ఆ కుర్రాడు మళ్లీ మీడియమే ఇస్తాడు.